అక్క-2

ఆ వీడియోలో "అమ్మా!" అన్న కేక లేదు.

వ్యానులో వెనక సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న అక్క దాన్ని అప్పటికి పదకొండుసార్లు చూసింది. మొన్నటి ఊళ్ళో షో అయ్యాక, జుట్టుకి ఊదారంగు వేసుకున్న ఎవరో అమ్మాయి మురిసిపోతూ పంపించింది. అందులో అక్క స్టేజి మీద పాడుతూ లారీ స్ప్రింగుని లాగి వదులుతోంది, కొక్కెం ఊడి స్ప్రింగు బొటనవేలికి తగులుతోంది, అక్క నోరు తెరుచుకుంటోంది. అంతా కనిపిస్తోంది. ఆ నిమిషాన ప్రాణం పోయినట్టు అరిచిన సంగతి అక్కకి బాగా గుర్తుంది. మైకు మూతికి ఆనుకునే ఉంది. ఆ నొప్పిలో పాటలో ఒక లైను ఎగిరిపోయిన సంగతీ గుర్తుంది. వీడియోలో మాత్రం కేక లేదు. ఎగిరిపోవలసిన లైను శుభ్రంగా, ఎక్కడా తడబడకుండా, తన గొంతుతోనే వినిపిస్తోంది.

వేలు ఇంకా వాచే ఉంది. వేలికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?

వాళ్ళ బ్యాండు పేరు "రేకుల షెడ్డు". తండ్రి నడిపి మూసేసిన వెల్డింగు షెడ్డులో ఇరవై ఏళ్ళ కిందట అక్కా తమ్ముళ్ళిద్దరూ మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు. అక్క పాడుతుంది, పాడుతూనే ఇనప పీపాని సుత్తితో బాదుతుంది. తమ్ముడు వెనకాల బల్ల నిండా మిషన్లు పెట్టుకుని మీటలు తిప్పుతూ మోత పుట్టిస్తాడు. అక్క గొంతు కూడా ఒక డబ్బాలోంచి పోయి, ఇనుములా మారి హాల్లోకి వస్తుంది. వింటున్నవాళ్ళకి ఇది పాటా, ఫ్యాక్టరీయా అని సందేహం రావాలి, అదీ వీళ్ళ విద్య. మూడో మనిషి బాబాయ్. తండ్రికి పిన్ని కొడుకు, సౌండు చూసుకుంటాడు. హాల్లో దోమ ఎగిరితే అది ఏ మూలనుంచి ఏ మూలకి పోయిందో చెప్పగలడని పేరు. దేశం దాటి ఆరు ఊళ్ళు తిరగడం ముగ్గురికీ ఇదే మొదటిసారి. మూడు ఊళ్ళు అయ్యాయి, ఇది నాలుగోది.

ఎనిమిది నెలల కిందట అక్క గొంతులో చిన్న కాయ ఉందని ఆపరేషను చేసి తీసేశారు. మెల్లగా వస్తుందమ్మా అన్నాడు డాక్టరు. నిజంగానే వచ్చింది. ఈ టూరులో అయితే మరీ, వెన్నపూసలా వస్తోంది. అదమక్కర్లేదు, అరవక్కర్లేదు. పెదాలు కదిపితే చాలు, చెవుల్లో నిండుగా మోగుతోంది. మొదటి ఊళ్ళో షో అయ్యాక అక్క పొంగిపోయి, "చూశారా, గొంతంటే ఇది!" అంది. ఇద్దరూ తలలూపారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తలలు అవసరం కన్నా ఎక్కువసేపు ఊగాయేమో అనిపిస్తోంది.

చెవుల్లో అంటే నిజంగా చెవుల్లోనే. స్టేజి మీద ఆ మోతకి ఎవరి గొంతు వాళ్ళకి వినపడదు. అందుకని అక్కకీ తమ్ముడికీ చెవి కొలతతో చేయించిన ఇయర్‌ఫోన్లు ఉంటాయి. అవి పెట్టుకుంటే బయటి చప్పుడు రాదు. ఎవరి చెవిలో ఏది ఎంత వినపడాలో బాబాయే సర్దుతాడు. హాల్లో జనం ఏం వింటున్నారో స్టేజి మీద ఉన్నవాళ్ళకి తెలియదు. ఇన్నేళ్ళూ అక్కకి తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. బాబాయ్ ఉన్నాడుగా అనుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇందుకే కాబోలు.

అక్క లెక్క ఇది. ఎవరో తన మైకు మూసేసి, పాత ఆల్బములోంచి తన గొంతుని తీసి వాయిస్తున్నారు. మిషన్లలో ఏదైనా దాచుకోవచ్చు, ఒక మనిషి గొంతు ఎంతపాటి? తను ముందు నిలబడి పెదాలు కదుపుతోంది, అంతే. అదే నిజమైతే తనెందుకిక్కడ? పీపా బాదడానికా? పీపా ఎవరైనా బాదుతారు. ఈ టూరు అవగానే, నువ్వింక విశ్రాంతి తీసుకో అక్కా అని తీపిగా చెప్పి, ఆ గొంతునొక్కదాన్ని ఉంచుకుని, మనిషిని ఇంట్లో కూర్చోబెడతారు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం వ్యానులో అక్క పక్క సీట్లోనే కూర్చుని వస్తోంది, టికెట్టు కూడా లేకుండా.

క్లబ్బు ఒకప్పుడు అచ్చాఫీసట. వెనక గుమ్మంలోంచి సామాను లోపలికి చేర్చడానికి గంట పట్టింది. గోడలకి నల్లరంగు వేశారు కానీ నేల మీద అచ్చు సిరా మరకలు అలాగే ఉన్నాయి. క్లబ్బు మేనేజరమ్మ వచ్చి, ఆదివారాలు షో మూడింటికి మొదలై ఆరింటికల్లా అయిపోవాలని, లేకపోతే పక్కింటివాళ్ళు ఊరుకోరని చేతులు తిప్పుతూ చెప్పి వెళ్ళింది. పట్టపగలు, బయట ఎండ, లోపల వీళ్ళ ఇనుము. అక్క పీపాని దొర్లించుకుంటూ వెళ్ళి స్టేజి మధ్యలో నిలబెట్టింది. చేతులు పీపా మీద, కళ్ళు మిగతావాళ్ళ మీద.

హాలు చివర బాబాయ్ తన మిక్సరు బల్ల సర్దుకుంటున్నాడు. ప్రతి మీట కిందా కాగితపు టేపు అంటించి, గుండ్రటి అక్షరాలతో ఏ మీట దేనిదో రాసుకోవడం ఆయన అలవాటు. పీపా, స్ప్రింగు, మిషను-1, మిషను-2, అక్క. ఆ పక్కన, చివరాఖర్న, అక్క-2.

"అక్క రెండేంటి బాబాయ్?" అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

బాబాయ్ చెయ్యి ఆ టేపు మీదికి వెళ్ళింది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. "అదా? స్పేరు మైకమ్మాయ్. నీది పాడైతే ఉంటుందని."

"ఏదీ, ఎక్కడుంది?"

"పెట్టెలో ఉంది."

అక్క పెట్టె తెరిచి చూసింది. స్పేరు మైకులు మూడూ స్పాంజిలో పడుకునే ఉన్నాయి, ఒక్కదానికీ కేబులు లేదు. అప్పుడు ఎవరూ చూడకుండా అక్క-2 కేబులు పట్టుకుని బయల్దేరింది. అది గోడ వెంబడి పోయి, స్టేజి ఎక్కి, తమ్ముడి మిషన్ల బల్ల కిందికి దూరింది. అక్క వంగబోయింది.

"అక్కా, అక్కడ చెయ్యి పెట్టకు, షాక్ కొడుతుంది!" అని తమ్ముడు దాదాపు ఎగిరొచ్చాడు.

"ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ కొట్టలేదే?"

"కొత్త వైరింగు."

అబద్ధం ఆడేటప్పుడు తమ్ముడికి ఎడమ చెవి ఎర్రబడుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. అక్క చెవి చూద్దామనుకునేలోపు వాడు మాస్కు తగిలించుకున్నాడు. వెల్డింగు మాస్కు, కళ్ళ దగ్గర నల్లద్దం, గడ్డం కిందిదాకా రేకు. ఈ టూరులోనే మొదలుపెట్టాడు. ఈ రకం బ్యాండుల్లో మొహాలు కప్పుకోవడం మామూలే, స్టైలు కోసం కాబోలని అక్క మొదట్లో నవ్వింది. ఇప్పుడు స్టైలూ లేదు, గైలూ లేదు. మొహం చూపించలేనివాడే మొహం కప్పుకుంటాడు.

"ఏరా, ఈమధ్య నా కళ్ళలోకి చూడట్లేదేం?"

"ఈ అద్దంలోంచి ఏం కనపడుతుందక్కా," అన్నాడు రేకు లోపల్నుంచి.

సౌండు చెక్ అయ్యాక అక్క, కిందికి దిగి ఒకసారి హాల్లోంచి వింటానంది. బాబాయ్ కంగారుపడ్డాడు. ఇయర్‌ఫోన్లు తీస్తే మళ్ళీ మొదట్నుంచి సర్దాలన్నాడు, టైం లేదన్నాడు, ఆ మోత నేరుగా వింటే చెవులు పోతాయన్నాడు. ఒక్క ప్రశ్నకి మూడు జవాబులొస్తే మూడూ అబద్ధాలే. ఆ తర్వాత మేకప్ గది తలుపు దగ్గర అక్క నిలబడి ఉండగా లోపల్నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "ఇంకెంత బాబాయ్, దీనికి తోడు రెండు ఊళ్ళు. ఇంటికెళ్ళాక నేనే చెప్తాను. అప్పటిదాకా తనకి తెలియకూడదు." అక్క దగ్గింది. లోపల మాటలు టక్కున ఆగిపోయాయి. తలుపు తీసేసరికి ఇద్దరూ ఒక బ్యాటరీని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తున్నారు.

సరే, దొంగని పట్టాలంటే ఎర వెయ్యాలి. మొదటి సగంలో ఆఖరి పాట "గేటు". దాని పల్లవి అక్క రాసిందే. "గేటు దగ్గర ఎవరు? గేటు దగ్గర మనిషి." ప్రతిసారీ నాలుగుసార్లు తిరుగుతుంది. ఇవాళ "మనిషి" తీసేసి "దొంగ" అని పాడదామనుకుంది. ఈ ఊళ్ళో ఎవడికీ తెలుగు రాదు, దొంగైనా దొరైనా వాళ్ళకి ఒకటే. రెండుసార్లు అలా పాడి, మూడోసారి నోరు మూసేసి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పీకేస్తుంది. పాత రికార్డుకి కొత్త మాట తెలియదుగా. "మనిషి" అని వినపడిందా, ఆ స్టేజి మీదే, ఆ జనం ముందే, సుత్తి మిషన్ల మీద పడుతుంది. ఆ సంగతి తలుచుకుంటే అక్కకి మూడు రోజుల తర్వాత కాస్త హాయిగా అనిపించింది.

మూడింటికి హాలు నిండింది. నల్లబట్టలు, బరువైన బూట్లు, చెవుల్లో దూది. అక్క నాలుగు పాటలు పాడింది. గొంతు వెన్నపూసలాగే వచ్చింది, కానీ ఇవాళ ఆ వెన్న రుచించలేదు. అయిదో పాటగా "గేటు" మొదలైంది.

"గేటు దగ్గర ఎవరు? గేటు దగ్గర దొంగ." పీపా మీద సుత్తి. "గేటు దగ్గర ఎవరు? గేటు దగ్గర దొంగ." సుత్తి.

మూడోసారి అక్క పెదాలు బిగించి, కుడి చెవిలోది పీకేసింది. హాలు మోతంతా ఒక్కసారి మీద పడింది. ఆ మోతలోంచి, గొంతుని ఇనుములా మార్చే డబ్బాలోంచి వచ్చిన తన గొంతు, స్పీకర్లలో హాలు దద్దరిల్లేలా పాడింది.

"గేటు దగ్గర ఎవరు? గేటు దగ్గర దొంగ."

అక్కకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఇందాక తను మార్చిన మాట అది. ఏ ఆల్బములోనూ లేదు, ఏ మిషనులోనూ దాచలేదు. రికార్డు కాదు, ఎవరో పాడుతున్నారు. ఇప్పుడు, ఇక్కడ, తన పాటని తనతోపాటు, తన మాట చెవిలో వింటూ పాడుతున్నారు. అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. మిషన్ల వెనక వెల్డింగు మాస్కు గడ్డం దగ్గర పైకీ కిందికీ కదులుతోంది. దాని కిందినుంచి ఒక సన్నటి కేబులు బల్ల కిందికి వేలాడుతోంది. మాస్కు తలెత్తింది. బిగించి ఉన్న అక్క పెదాల్ని చూసింది. "గేటు దగ్గర..." అన్న దగ్గర గొంతు తెగిపోయింది.

జనం అది పాటలో భాగమనుకుని ఈలలు వేశారు. అక్క సుత్తి తీసుకుని, పాట అయిపోయేదాకా పీపాని బాదింది. పీపాకి రెండు చోట్ల సొట్టలు పడ్డాయి.

మేకప్ గదిలో చిరిగిన సోఫా ఒకటి, బల్బుల అద్దం ఒకటి ఉన్నాయి. తమ్ముడు మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపలి పక్క, పెదాల దగ్గర, గోరంత మైకు టేపుతో అంటించి ఉంది. బాబాయ్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచిరా?"

"మొదటి ఊరినుంచీ."

"నేను తప్పిన లైన్లా?"

తమ్ముడు ఒళ్ళో మాస్కుని అటూ ఇటూ తిప్పాడు.

"అడుగుతున్నాగా. ఎన్ని లైన్లు?"

"అన్నీ అక్కా."

"అన్నీ అంటే?"

"అన్ని పాటలూ. నీ మైకు సన్నగా తెరిచి ఉంటుంది, ఊపిరి మాత్రం వినపడేలా. పాట నాది. ఆ డబ్బాలోంచి వస్తే నీ గొంతుకీ నా గొంతుకీ తేడా తెలియదు."

"మరి నా చెవుల్లో..." అంది అక్క. అంటుండగానే అర్థమైంది. బాబాయ్ వైపు తిరిగింది.

"పెంచాను," అన్నాడు బాబాయ్, నేలకేసి చూస్తూ. "నీ గొంతు నీకు గట్టిగా వినపడితే నువ్వు అదమవు. అదిమితే ఉన్నది కూడా పోతుందన్నాడు డాక్టరు. అందుకని చెవిలో బాగా పెంచాను. నువ్వు గొణిగినా నీకు పాటలా వినపడాలని."

"ఏ డాక్టరు? మెల్లగా వస్తుందన్నాడుగా నాతో."

"రాదన్నాడక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వు బయటికి వెళ్ళాక చెప్పాడు. మాట ఉంటుంది, పాట రాదన్నాడు."

అక్కకి ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. గొంతంటే ఇది అని విరగబడింది తను. ఊదారంగు జుట్టు అమ్మాయి చేతులు పట్టుకుని ఏదో పొగుడుతుంటే మహారాణిలా తలాడించింది తను. ఆ మూడు ఊళ్ళ చప్పట్లూ తన ముందు వరసగా నిలబడి, మేం నీవి కాదమ్మా అంటున్నట్టుంది. తన్ని సాగనంపుతారని తను అనుమానించిన ఈ ఇద్దరూ, తను ఉన్నట్టు కనపడ్డానికి ఎనిమిది నెలలు దొంగల్లా బతికారు. అది తెలిసినందుకు కోపం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"నువ్వు లేకపోతే షెడ్డు లేదక్కా," అన్నాడు తమ్ముడు. "ఈ టూరు నీ కల. చెప్పేస్తే వచ్చేదానివి కాదు."

"గొంతు ఎవరిదిరా?"

"నీదే."

"మరి పోయిందని ముందు ఎవరికి తెలియాలి? ఊళ్ళో ఎవరు చచ్చినా ముందు ఆ ఇంటివాళ్ళకి కదరా చెప్తారు! నాకు మాత్రం పాడె ఎత్తాక కూడా చెప్పరా?"

వాడి ఎడమ చెవి ఎర్రగా లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేనేజరమ్మ తలుపు కొట్టి అయిదు వేళ్ళు చూపించి వెళ్ళింది.

అక్క రెండు ఇయర్‌ఫోన్లూ మెడలోంచి తీసి సోఫా మీద పడేసింది. "బాబాయ్, ఇప్పుడు మొదటి పాటకి వీడి మైకు మూసెయ్. నాది పూర్తిగా తెరువు. డబ్బా కూడా తీసెయ్."

"వద్దమ్మాయ్. నా మాట విను."

"ఒక్క చరణం. మీరిద్దరూ రోజూ వింటూనే ఉన్నారుగా. నేనూ ఒకసారి వింటాను."

బాబాయ్ ఆమె మొహం చూశాడు. తర్వాత మిక్సరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండో సగం మొదటి పాట నెమ్మదైనది, మిషన్ల గుర్రు తప్ప పెద్దగా మోత ఉండదు. అక్క మైకు దగ్గరికి వచ్చి పాడింది. హాలు చివరి గోడకి తగిలి ఆ గొంతు తిరిగొచ్చింది. కంకర మీద చీపురు ఈడ్చినట్టుంది. పై స్వరానికి వెళ్ళబోతే అసలు శబ్దమే రాలేదు, గాలి వచ్చింది. అక్క ఆగలేదు. ముందు వరసలో బట్టతలాయన పక్కనున్న స్నేహితుడి మొహం చూశాడు, అతను భుజాలు ఎగరేశాడు. చరణం అయ్యేదాకా ఎవరూ గోల చెయ్యలేదు. అయ్యాక మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్ళు పాడినదానికి మర్యాద చప్పట్లంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఈ టూరులో తనవంటూ మిగిలిన చప్పట్లు ఇవే.

అక్క స్టాండులోంచి మైకు ఊడదీసుకుని మిషన్ల బల్ల దగ్గరికి నడిచింది. తమ్ముడి మొహానికున్న మాస్కు రెండు చేతులతో పైకి లాగేసింది.

"లే."

"అక్కా, నావల్ల కాదు. అన్ని మొహాలు చూస్తే నోరు పెగలదు."

"మొహాల్ని చూడకు. నన్ను చూడు."

వాడి చేతిలో మైకు పెట్టి, చొక్కా పట్టుకుని స్టేజి ముందుకి ఈడ్చుకొచ్చి నిలబెట్టింది. జనం ఇదేదో కొత్త నాటకమని ముందుకి జరిగారు. అక్క పీపా దగ్గరికి వెళ్ళి మొదటి దెబ్బ వేసింది. రెండో దెబ్బకి తమ్ముడు నోరు తెరిచాడు. డబ్బా లేదు కాబట్టి అది మగగొంతే, కాస్త బొంగురు, కాస్త వణుకు. కానీ మాటని చివర్లో సాగదీసే తీరు తనదే. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ కొరికి వదిలెయ్యాలో అంతా తనదే. జనానికి వీపు తిప్పి, అక్కనొక్కదాన్నే చూస్తూ పాడుతున్నాడు. బట్టతలాయన ఇప్పుడు స్నేహితుడి వైపు చూడట్లేదు. హాల్లో ఎవ్వరూ అక్క వైపు చూడట్లేదు. అక్కకి అసూయ కలిగింది. దాన్ని ఆవిడ దాచుకోవాలనుకోలేదు. వీడు బాగా పాడుతున్నాడు దొంగవెధవ, అనుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చరణంలో మూడో లైను పొడుగ్గా ఉంటుంది. తమ్ముడు ఊపిరి ముందే తీసేసుకున్నాడు, అందుకని లైను చివర్లో గొంతు చాలక తెగిపోయింది. మాస్కు వెనక, డబ్బా మోతలో అది ఎవరికీ తెలియలేదు, ఇక్కడ అందరికీ తెలిసింది. వాడి మొహం పాలిపోయింది. మైకు కిందికి దిగబోయింది.

అక్క తల అడ్డంగా ఊపి, ఆపకుండా బాదింది. రెండో చరణంలో మళ్ళీ ఆ లైను వస్తోంది. అది మొదలవడానికి సరిగ్గా ఒక్క దెబ్బ ముందు అక్క సుత్తిని గాల్లోకి ఎత్తి, అక్కడే ఆపింది. తమ్ముడు సుత్తినే చూస్తూ గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు. లైను చివరిదాకా తెగకుండా వెళ్ళింది, హాలు చివరి గోడకి తగిలి తిరిగొచ్చింది.

అది పూర్తిగా విని, అక్క సుత్తి దించింది.